ఏడో రీలు

నా గదిలో సినిమాలేవీ లేవు.
తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి,
మట్టెవాడ టాకీసు టికెట్ పుస్తకంలో
చింపగా మిగిలిన అడుగుముక్కలు,
సగం కాలిన కార్బన్ పుల్ల.
ఊడ్వడానికొచ్చే సమ్మక్క అడుగుతుంది:
"మేడం, ఇవి పారేసేటివా, ఉంచేటివా?"
పదకొండేళ్లుగా నా పరిశోధన
ఆ ప్రశ్న దగ్గరే కూర్చుంది.

మొగిలి సైకిలు మీద రీళ్లు మోసేవాడు.
ప్రింటు ఒకటే, టాకీసులు రెండు.
మట్టెవాడలో తిరిగిన రీలు
వేడి తగ్గకముందే కాజీపేటలో ఎక్కాలి.
మధ్యలో చౌరస్తా, ఎదురుగాలి,
గూడ్సుబండి కోసం పడ్డ గేటు.
గేటు పడితే అక్కడ ఆరువందలమంది ఈలలేసేవాళ్లు.
ఇతని చెవికి ఇంజను కూతే.

"ఏ సినిమా నచ్చింది తాతా?" అన్నాను, రికార్డరు పెట్టి.
"సినిమా ఎట్లుంటదో నాకేమెరుక బిడ్డా,
బరువెంతుంటదో ఎరుక.
ఏడుపు రీళ్లు బరువుంటయ్."
ఫిజిక్సు వామనరావు నవ్వాడు.
అడుగుకింత అని తూకమట,
కన్నీళ్లకు వేరే లెక్క లేదట.
ఫుట్‌నోటులో ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టాను.

ఒక ముసురు రాత్రి ఏడో రీలు రాలేదు.
ఆరు తర్వాత ఎనిమిది వేశారు.
ఎవరూ కుర్చీలు విరగ్గొట్టలేదు.
ఇది నమ్మడానికే నాకు రెండేళ్లు పట్టింది.

ఆ ఆట చూసినవాళ్లను వెతుక్కుంటూ తిరిగాను.
ఆజంజాహి మిల్లులో రెండో షిఫ్టు చేసిన దూడం మల్లేశం
ఏడో రీల్లో తమ్ముడు తిరిగొచ్చి
అన్న కాళ్లు పట్టుకున్నాడంటాడు.
సోడాలమ్మిన గౌసియాబేగం కస్సుమంది:
"ఎక్కడ పట్టుకున్నడు?
వదినె చెంప పగలగొట్టింది గదా!"
చప్పుడు కూడా విన్నదట.
టికెట్లు చింపిన ఓదెలు అక్కడొక పాట ఉందని
రెండు చరణాలు పాడాడు.
ఆ పాట ఏ పాటల పుస్తకంలోనూ లేదు.
ప్రింటును ఎప్పుడో కరిగించి వెండి తీసుకున్నారు.
అందరూ చూశారు,
ఎవరికీ చూపించనిది.

పుణె సదస్సులో ఇరవై నిమిషాలిచ్చారు.
పదిహేడో నిమిషంలో అధ్యక్షుల గంట.
వెనక వరుసలోంచి ఎవరో
"ముగ్గురిలో ఎవరి జ్ఞాపకం సరైంది?" అన్నారు.
జవాబు చెప్పేలోపు టీ వచ్చింది.
సర్టిఫికెట్టులో నా ఇంటిపేరు తప్పు పడింది.

సోమవారం క్లాసులో ప్రొజెక్టరు బల్బు పోయింది.
తెల్లగోడ, ముప్ఫైఒక్కమంది.
"ఏడో రీలు రాయండి" అన్నాను.
పెళ్లిళ్లు, చావులు, ఒక పోలీసు జీపు.
తబస్సుమ్ ఒక్కతే
పైన నంబరు వేసి ఖాళీ కాగితం ఇచ్చింది.
పదికి ఎన్ని వేయాలో
ఇంకా తేల్చుకోలేదు.

అచ్చుకు పోయేముందు సోమిడి వెళ్లి
మొగిలికి తెలుగులో చదివి వినిపించాను.
"వర్షంలో సైకిలు జారి, రీలు కాలవలో కొట్టుకుపోయింది"
అన్నచోట చెయ్యెత్తాడు.
"జారలే బిడ్డా. ఆగిన."

గేటు పడ్డదట. చాయ్ కొట్టులో పెట్రోమాక్స్.
పద్దెనిమిదేళ్లు మోసి
ఒక్క బొమ్మన్నా చూడకపోతినని
మూత తీసి, కొస లాగి, వెలుగుకు పట్టాడట.

"ఏం కనపడ్డది?"
"తలుపు. గొళ్లెం మీద చెయ్యి.
తీస్తున్నదో పెడుతున్నదో
ఒక్క బొమ్మల ఎట్ల తెలుస్తది?
ఇంకోటి చూస్త, ఇంకోటి చూస్త అనుకుంట గుంజిన.
ఎంత గుంజినా గదే చెయ్యి.
కాళ్లకాడ కుప్పవడ్డది. బురద.
గేటు ఎప్పుడు లేసిందో ఎరుకలే."

రికార్డరు అప్పటికే ఆపేసి ఉంది.

ప్రూఫులో ఆ వాక్యం కింద పెన్సిలు గీత గీశాను.
కొట్టెయ్యలేదు, మార్చలేదు.
లేచి వస్తుంటే వాకిట్లోకి వచ్చి అన్నాడు:
"ఆ రాత్రి చాయ్ పైసలియ్యలే. పదిహేను పైసలు.
గది రాసుకో."